అశోక్ నగర్ గదిలో కొరియా కథలు



విద్యార్థుల దినచర్యను గుఱించియు, వారి వినోదములను గుఱించియు పావుగంటసేపు మాట్లాడుమని నన్ను కోరినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చినది. వెంటనే జంకు కలిగినది. నవ్వెందుకనగా, పోటీపరీక్షలకు చదువుకొనువారికి దినచర్య యున్నదే కాని వినోద మెక్కడిదని లోకుల యభిప్రాయము. జంకెందుకనగా, నాకున్న వినోదము పెద్దల ముందర చెప్పుకొనదగినది కాదని నేనే చాలకాలము దానిని దాచి యుంచితిని. నేను కొరియా దేశపు ధారావాహిక కథలు చూచెదను. చూచుటతో ఆగలేదు, ఆ దేశపు అక్షరములను గూడ నేర్చుకొంటిని. ఈ మాట వినినంతనే మీలో కొందఱు రేడియో కట్టివేయ దలతురేమో! కొంచె మోపిక పట్టుడు. ఆ కథలలో నొకదాని మూలమున నేను మా యమ్మతో ఒక నిజము చెప్పగలిగితిని. ఆ సంగతి మీతో చెప్పవలెననియే వచ్చితిని.

నేనుండునది హైదరాబాదులోని అశోక్ నగర్. ఒక ప్రక్క చిక్కడపల్లి, ఒక ప్రక్క ఇందిరా పార్కు; కొంతదూరము నడచినచో నారాయణగూడ. ఆర్.టి.సి. క్రాస్ రోడ్లలోని సినిమాహాళ్ల సందడి మాకు కూతవేటు దూరములోనే యున్నది. హుస్సేన్ సాగరపు మిగులు నీళ్ల కాలువ మా పేట మీదుగానే పోవును. ఒకప్పుడిది నెమ్మదిగా నుండు కాపురపు టిండ్ల పేటయట. ఇప్పుడు మేడ మేడకును ఒక శిక్షణాలయము, సందు సందునకును ఒక హాస్టలు. గోడలమీద దేవుళ్ల పటములకన్న గతవత్సరము ఉద్యోగములు పొందినవారి పటములే యెక్కువ. దారిన పోవునపుడు తలయెత్తి ఆ ముఖములను చూచుటయు, తల దించుకొని ముందునకు పోవుటయు మాకు అలవాటైపోయినది.

నా గదిలో మూడు మంచములు గలవు. మంచమునకును మంచమునకును నడుమ ఒక్క మనిషి ప్రక్కకు తిరిగి నడచునంత చోటు. గోడకు తెలంగాణ పటము, భారతదేశ పటము, ఒక కాలపట్టిక. ఉదయము అయిదు గంటలకు నీళ్లకొఱకు వరుస; ఏడు గంటలకు టిఫిను కొఱకు వరుస; పిమ్మట చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయములో కుర్చీకొఱకు వరుస. ఆ గ్రంథాలయమునకు మీరెన్నడైన వచ్చిన, ఒక వింత చూతురు. అక్కడివారిలో చాలమంది అచ్చటి పుస్తకములు చదువుటకు రాలేదు; తమ పుస్తకములు తెచ్చుకొని అచ్చట కూర్చుండుటకు వచ్చిరి. లేచి చాయ త్రాగిరావలెనన్నచో కుర్చీమీద ఒక నోటుపుస్తకము పెట్టి పోవలెను. ఆ నోటుపుస్తకమే పట్టా! నగరపాలక సంస్థవారు 2014లో మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజనము మావంటివా రెందఱికో మధ్యాహ్నము గడుపుచున్నది. చాయబండి దగ్గఱ నిలుచున్నవారు రాజ్యాంగపు అధికరణములను వాదించుకొందురు. జిరాక్సు దుకాణములో ఇతరులు వ్రాసిన నోట్సు కట్టలు కట్టలుగా అమ్ముదురు. ఇది మా లోకము.

సాయంకాలము ఎనిమిదింటికి మా యమ్మ ఫోను చేయును. నల్లగొండ జిల్లాలోని మా పల్లెలో ఆ వేళకు పశువులకు మేత వేయుట ముగియును. ఆమె మొదటి మాట ఎల్లప్పుడు నొక్కటే: "తిన్నవా బిడ్డా?" నా బదులును ఒక్కటే: "తిన్ననే అమ్మా." ఈ రెండు మాటలను శ్రోతలు జ్ఞాపక ముంచుకొనవలెనని మనవి. కడపట వీనితో పని యున్నది.

2022 ఏప్రిల్ నెలలో 503 గ్రూపు-1 ఉద్యోగములకు ప్రకటన వెలువడినది. ఆ యేడు అక్టోబరు 16వ తేదీన వేల మందితోపాటు నేనును ప్రాథమిక పరీక్ష వ్రాసితిని. 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయ్యెను. జూన్ 11వ తేదీన మఱల వ్రాసితిమి. సెప్టెంబరులో అదియును రద్దయ్యెను. తప్పొప్పుల విచారణ ఈ ప్రసంగమునకు విషయము కాదు. వ్రాసిన పరీక్ష వ్రాయనిదైనప్పుడు మనస్సు ఎట్లుండునో అది మాత్రమే చెప్పదలచితిని. ఓడిపోయినచో ఏడ్చి ఊరకుందుము. గెలువలేదు, ఓడలేదు, గడచిన కాలము మాత్రము గడచినది. పుస్తకము తెఱచినచో అక్షరములు కనబడునే కాని లోపలికి రావు. ఆ మార్చినెల రాత్రులలోనే కొరియా కథ మా గదిలో ప్రవేశించినది.

తెచ్చినది నేను కాదు. నాకన్న అయిదేండ్లు చిన్నదైన మా గదిలోని పిల్ల. ఆమె నన్ను "అక్కా" అని పిలుచును. ఆమెకు బి.టి.యస్. అను కొరియా గాయకబృందమన్న ప్రాణము. 2013లో రంగమునకు వచ్చిన యేడుగురు యువకులు వారు. వారి పటమును ఆమె కాలపట్టిక ప్రక్కనే అంటించి యుండెను. నేను దానిని చూచి చాలమారులు చిన్నబుచ్చి నవ్వితిని. ఆనాడు మాత్రము ఆమె నా పుస్తకము మూసి, సెల్‌ఫోను నా ముందు నిలిపి, "అక్కా, ఈ ఒక్కరోజు చదవకు. ఇది చూడు," అనెను. అది "రిప్లై 1988" అను ధారావాహిక. 2015 నవంబరు మొదలు 2016 జనవరి వఱకు కొరియాలో ప్రసారమైనది.

నే నేమో రాజభవనములు, ప్రేమకలాపములు, తళుకుబెళుకులు చూడబోవుచున్నా ననుకొంటిని. కనబడినది సియోలు నగరములోని ఒక యిఱుకు సందు. ఆ సందులో కొన్ని సంసారములు. కాలము ఆ నగరమున ఒలింపిక్సు జరిగిన 1988వ సంవత్సరము. మొదటి భాగములోనే రాత్రి భోజనపువేళ ఒక యింటి తల్లి తాను వండిన కూరను ప్రక్కయింటికి పంపును. ప్రక్కయింటివారు ఊరక యుందురా? తమ వంటకము నిచ్చి పంపుదురు. అది చూచి మఱియొక యిల్లు. పిల్లలు గిన్నెలు పట్టుకొని సందులో అటు నిటు పరుగులెత్తుచు, "మనమందఱ మొక్కచోట కూర్చుండి తినరాదా?" యని విసుగుకొందురు. నేను ఒక్కమారుగా లేచి కూర్చుంటిని. ఇది మా వాడకట్టే! చిన్ననాడు మా యమ్మ పప్పుగిన్నె నిచ్చి పంపిన నేనే పరుగెత్తితిని. ప్రక్కయింటి యవ్వ ఆ గిన్నెను ఎన్నడును ఖాళీగా తిరిగి పంపలేదు. ఏమియు లేనినాడు ఇంత బెల్లపుముక్క యైనను అందులో వేసి పంపెను. ఖాళీ గిన్నె తిరిగి యీయరాదను మర్యాద మన యొక్క పల్లెలదే యని నేను తలచి యుంటిని.

అంతట నుండి ఆ భాష నా చెవిని బడ సాగినది. అమ్మను వారు "ఒమ్మ" యందురు. నాయనను "అప్ప" యందురు. పెద్దవారిని పేరుపెట్టి పిలువరు, వరుసపెట్టి పిలుతురు. ఆడుపిల్ల తన యక్కను "ఒన్ని" యనును. అదే యక్కను తమ్ముడు "నూన" యనును. పిలిచెడివారు ఆడువారో మగవారో దానినిబట్టి పిలుపే మాఱును. రక్తసంబంధము లేకున్నను హాస్టలులోను, ఉద్యోగశాలలోను ఆ వరుసలే వాడుదురు. మనము కూరగాయల బండివానిని "అన్నా" యనుట లేదా? చిన్నవారితో ఒక క్రియాపదము, పెద్దలతో వేఱొక క్రియాపదము. కర్త మొదట, కర్మ నడుమ, క్రియ చివర. తెలుగు వాక్యమును ఎట్లు పేర్చుదుమో అట్లే. ఆంగ్లము నేర్చుకొనునపుడు తలక్రిందులు చేసికొనవలసిన వాక్యమును ఇక్కడ అట్లు చేయ బనిలేదు.

ఈ పోలికలను చూచి ముచ్చటపడినది నేను మొదటిదానను కాను. హోమర్ హల్బర్టు అను అమెరికా పండితుడు 1905లో కొరియా భాషను ద్రావిడభాషలతో పోల్చి యొక వ్యాకరణగ్రంథమునే ప్రకటించెను. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ బంధుత్వమును అంగీకరింపరు. వాక్యపుపోకడ యొక్కటైనంత మాత్రమున రెండు భాషలు తోబుట్టువులు కావు. అమ్మను సూచించు మాటలలో మకారము లోకమందు చాలభాషలలో కలదు. ఇది తెలిసినపుడు నాకు కొంచెము నిరాశ కలిగినమాట నిజము. కాని చుట్టములు కానివారితో స్నేహము చేయరాదని యెవ్వరును చెప్పలేదు గదా!

అక్షరముల కథ మఱియు నందమైనది. పూర్వము కొరియావారు చీనా లిపిలో వ్రాసికొనెడివారు. అది నేర్చుటకు సంవత్సరములు పట్టును. బీదవానికి ఆ తీరిక యెక్కడిది? సేజోంగ్ అను రాజు 1443లో తమ భాషకు క్రొత్త లిపిని సిద్ధపఱచి 1446లో దేశమునకు ప్రకటించెను. అప్పుడు 28 అక్షరములు, నేడు 24. హల్లుల రూపములలో మూలమైనవి నోటిలో నాలుక, పెదవులు, దంతములు, గొంతు నిలుచు తీరునుబట్టి గీయబడినవి. హల్లును అచ్చును విడివిడిగా గాక, మన గుణింతమువలె ఒక్క ముద్దగా కూర్చి వ్రాయుదురు. గుణింతము దిద్దినచేతికి అది కష్టమా? మధ్యాహ్నము భోజనానంతరము పదునైదేసి నిమిషములు చొప్పున పదునొకండు దినములలో ఆ లిపి చదువ నేర్చితిని. అర్థము తెలియదు, కాని చదువగలను. ఎన్నో నెలలనుండి నేను దేనిని పూర్తి చేసినదానను కాను. ఆ పదునొకండవ నాడు ఒక దుకాణపు బోర్డును తెరమీద కూడబలుకుకొని చదివినపుడు, నా బుద్ధి యింకను పనిచేయుచున్నదని నాకు నమ్మకము కలిగినది. మఱునాడు ఆర్థికశాస్త్రపు పుస్తకము మఱల తెఱచితిని.

ఇక మా పేటకు సియోలులో ఒక తోబుట్టువు కలదని తెలిసిన దినము చెప్పెదను. 2016లో వచ్చిన "డ్రింకింగ్ సోలో" అను మఱియొక ధారావాహిక నోర్యాంగ్‌జిన్ అను పేటలో జరుగును. హాన్ నదికి దక్షిణపు టొడ్డున, పెద్ద చేపల బజారు ప్రక్కన ఉన్న పేట అది. ప్రభుత్వోద్యోగ పరీక్షలకు శిక్షణ యిచ్చు పాఠశాలలకు ఆ పేట ప్రసిద్ధి. అచ్చటి విద్యార్థులు "గోసివొన్" అను గదులలో నుందురు. పరీక్షార్థుల యిల్లని దాని భావము. ఒక మంచము, ఒక బల్ల పట్టిన గది నిండిపోవును. వీధిలో బండ్లమీద కాగితపు గిన్నెలో అన్నముపోసి, పైన కొంత కూరయు గ్రుడ్డును వేసి చౌకగా అమ్ముదురు. నిలువుకాళ్లమీద తిని తరగతికి పరుగెత్తుదురు. మా అయిదు రూపాయల భోజనమును, వారి గిన్నెయన్నమును నేను మనస్సులో ప్రక్కప్రక్కన పెట్టి చూచితిని. రిప్లై 1988లోని పెద్దకూతురును న్యాయపరీక్ష కొఱకు ఇల్లు విడిచి యిట్టి గదికే పోవును.

ఆ దేశమున పరీక్షయొక్క వేళ్లు చాలలోతునకు పోయినవి. రాజోద్యోగమునకు పరీక్ష పెట్టు నాచారము అక్కడ 958లో మొదలై 1894 వఱకు సాగినది. నేటికిని నవంబరు మాసములో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష జరుగునాడు, ఆంగ్లము వినిపించి ప్రశ్నలడుగు ఆ కొంతసేపును విమానములు ఎగురకుండ ఆపివేయుదురు. ఆలస్యమైన పిల్లలను పోలీసువారు తమ వాహనములమీద చేర్చుదురు. మొదట ఇది విని, "ఆహా, చదువునకెంత గౌరవము!" అనుకొంటిని. పిమ్మట ఆలోచింపగా, ఒక్కనాటి వ్రాతమీద ఒక బిడ్డ జీవితమంతయు నిలిచియున్నదని విమానముల కొఱకును తెలిసినచోట ఆ బిడ్డ గుండె ఎట్లు కొట్టుకొనుచుండునో యనిపించినది. కొన్ని సంవత్సరములపాటు ప్రభుత్వోద్యోగములకు పోటీపడువారు అచ్చట తగ్గుచు వచ్చిరి. తళుకుగా కనబడు ఆ దేశములోను వరుసలో నిలుచున్నవా రున్నారని, వరుస విడిచి పోయినవారును ఉన్నారని తెలిసినప్పుడు, నా కష్టము చిన్నది కాలేదు. కాని నా యొక్కదానిదిగా తోచుట మానినది.

ఇంతవఱకు మంచియే చెప్పితిని. చెడుగును దాచిన న్యాయము కాదు. 2023 సెప్టెంబరులో రెండవమారు పరీక్ష పోయినపుడు నేను అయిదు రాత్రులలో పదునాఱు భాగములు చూచితిని. ఒక్కొక్క భాగము గంటకు పైబడి యుండును. కనులు మండినవి, గ్రంథాలయములో కుర్చీ పోయినది, వారాంతపు పరీక్షలో నా మార్కులు సగమైనవి. ఔషధమునకును మాత్ర యున్నట్లే కథకును మాత్ర కలదు. ఆ పిల్లయు నేనును నాడే యొక నియమము చేసికొంటిమి: ఆదివారము రాత్రి భోజనము పిమ్మట ఒక్క భాగము, ఇద్దఱము కలిసియే చూడవలెను, ఒంటరిగా చూడరాదు. ఒంటరిగా చూచినపుడు కథ మనలను మ్రింగును. తోడుతో చూచినపుడు ముగిసినాక మాటలుండును, మాటల పిమ్మట నిద్ర యుండును.

2024 జూన్ 9వ తేదీన క్రొత్త ప్రకటన క్రింద మూడవమారు ప్రాథమిక పరీక్ష వ్రాసితిని. జులైలో ఫలితములు వచ్చినవి. జాబితాలో నా సంఖ్య లేదు. ఈసారి నిందించుటకు ఎవ్వరును లేరు. పరీక్ష జరిగినది, నేనే నెగ్గలేదు. ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోను మ్రోగినది. "తిన్నవా బిడ్డా?" "తిన్ననే అమ్మా." నేను తినలేదు. ఫలితము వచ్చినదనియు చెప్పలేదు. మఱునాడును అంతే. అట్లు పదునొకండు రాత్రులు గడచినవి. పదునొకండు దినములలో ఒక లిపి నేర్చుకొన్నదానను, పదునొకండు దినములలో ఒక్క వాక్యము పలుకలేకపోతిని.

ఆ పిమ్మట అమ్మయే వచ్చెను. అవి బోనాల దినములు. లష్కరులోనున్న చుట్టముల యింటికి వచ్చి, అటునుండి నన్ను చూడవచ్చితినని చెప్పెను. చేతిలో సర్వపిండి మూట, ఒక జాడీలో మామిడికాయ తొక్కు. హాస్టలు యజమానురాలిని బ్రతిమాలగా ఒక రాత్రి యుండుటకు ఒప్పుకొనెను. అది ఆదివారము. మా పిల్లకు నియమము తప్పుట యిష్టము లేదు. "పెద్దమ్మా, మీరు కూడ చూడండి," అని అమ్మను మంచముమీద నడుమ కూర్చుండబెట్టి సెల్‌ఫోను నిలిపెను. ఇదివఱకు చూచినదే రిప్లై 1988 మఱల చూచుచుంటిమి.

ఆనాటి భాగములోని కథ యిది. ఆ సందులో ఇద్దఱు బిడ్డలు గల యొక వితంతువు కలదు. బీదది. ఆమెను చూచుటకు ఊరినుండి తల్లి వచ్చుచున్నది. తన లేమి తల్లికి తెలియరాదని ఆమె యిరుగుపొరుగువారిని అడిగి బియ్యము, పొయ్యిలోని బొగ్గుదిమ్మలు, ఇంటిలోని వస్తువులు తెచ్చి నింపును. అందఱును తోడ్పడుదురు. తల్లి వచ్చి, అంతయు చూచి, సంతోషించినట్లే కనబడి వెళ్లిపోవును. వెళ్లిన పిమ్మట ఆమె దాచి పెట్టిపోయిన డబ్బును ఒక యుత్తరమును బిడ్డకు దొరకును. ముసలిది అంతయు గ్రహించినది! బిడ్డ ఫోను చేసి, "ఒమ్మా" యని పిలిచి, అంతకుమించి పలుకలేక యేడ్చును.

క్రిందనున్న ఆంగ్లపు వ్రాత అమ్మకు తెలియదు. మే మెవ్వరమును ఆమెకు అర్థము చెప్పలేదు. కాని ఆ "ఒమ్మా" యను పిలుపునకు అనువాదమేల? అమ్మ కొంగుతో కనులు తుడుచుకొని, "ముసలామెకు ఎరుకైంది చూడు. బిడ్డ దాస్తే తల్లికి తెల్వదా?" అనెను.

గది నిశ్శబ్దమయ్యెను. ఆ పిల్ల సెల్‌ఫోను మూసి, నీళ్లకని మిషపెట్టి వెలుపలికి పోయెను. అప్పుడు నేను, "అమ్మా, నా నంబరు రాలేదే," అంటిని.

ఆమె నా వంక చూచి, "నాకు తెలుసు బిడ్డా," అనెను. ఎట్లు తెలిసినదని అడిగితిని. పల్లెలో ఎవరైన చెప్పిరేమో, పత్రికలో చూచిరేమో యనుకొంటిని. ఆమె చెప్పిన మాట నేను జీవితములో మఱవను. "నువ్వు నిజంగ తిన్ననాడు ఏం కూర తిన్నవో గూడ చెప్తవు. పదిరోజుల సంది ఉత్త తిన్ననే అంటున్నవు."

శ్రోతలారా, కొరియా భాషలో అన్నమును "పాప్" అందురు. వండిన అన్నమునకును, పూట భోజనమునకును అదియే మాట, "అన్నము తిన్నావా?" యనగా మన మెట్లు భోజనమైనదా యను భావము గ్రహింతుమో అట్లే. ఆ కథలలో తల్లులు, స్నేహితులు, తగవులాడి మాటలు మానిన తోబుట్టువులు గూడ మొదట అడుగు ప్రశ్న యిదియే. నేను వందమారులు తెరమీద విని, "ఎంత బాగుగా అడుగుచున్నారు!" అని ముచ్చటపడితిని. ప్రతిరాత్రి నా చెవిలో అదే ప్రశ్న పలుకుచున్నప్పుడు దానిని మర్యాదమాటగా త్రోసివేసితిని. ఆమె అడుగుచున్నది కూరను గుఱించి కాదు, నన్ను గుఱించి. దూరదేశపు మాటగా వినిననే గాని మా యింటి మాటయొక్క బరువు నాకు తెలియలేదు.

ఆ రాత్రి అమ్మ నన్ను కోపగింపలేదు, ఊరక ఓదార్పనులేదు. "ఇంకెన్ని రోజులు సదువుతవో లెక్క చెప్పు. మీ నాయినకు నేను చెప్త," అనెను. ఇద్దఱము వ్రేళ్లు లెక్కపెట్టుకొని ఒక గడువు పెట్టుకొంటిమి. ఆ గడువులో ఉద్యోగము వచ్చిన మంచిది; రానిచో జిల్లాకేంద్రములో పిల్లలకు పాఠములు చెప్పుచు వేఱొక దారి చూచుకొనవలెను. గడువు పెట్టుకొన్న తరువాత నాకు చదువు తేలికయ్యెను. అంతులేని చీకటిలో నడచుటకును, ఇన్ని మైళ్లని తెలిసి నడచుటకును భేదము కలదు గదా! తెల్లవాఱి ఆమె బస్సెక్కెను. కథలోని తల్లివలె డబ్బు దాచి పోలేదు. ఆమె దగ్గఱ లేదు. "జాడీ అయిపోయినంక పంపు" అని మాత్రము చెప్పెను.

పరదేశపు పాటలును కథలును మఱగి మన పిల్లలు తమ దానిని మఱచిపోవుచున్నారని పెద్దలు విచారింతురు. ఆ విచారమును నేను తేలికగా చూడను. కాని కథలు ఒక్క దిక్కునకే నడచుట లేదు. 2014 నాటి కొరియా చిత్రము "మిస్ గ్రానీ" 2019లో "ఓ! బేబీ" యై మన తెలుగింటి ముసలమ్మ కథగా మాఱినది. మన "ఆర్.ఆర్.ఆర్." 2022 అక్టోబరులో జపాను చేరి అచ్చట నెలల తరబడి ఆడినది. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయపువారు "నాటు నాటు" పాటకు అడుగులు వేసిరి. వారి రాయబారి గూడ వారితో కలిసెను. మన రామాయణమును ప్రేమించి యూగో సాకో అను జపాను దేశీయుడు భారతీయ కళాకారులతో కలిసి బొమ్మల చిత్రముగా తీసెను. అది 2025 జనవరిలో తెలుగు మాటలతో మఱల మన హాళ్లకు వచ్చినది. గిన్నె అటు పోవుచున్నది, ఇటు వచ్చుచున్నది. ఎవ్వరును ఖాళీ గిన్నె తిరిగి పంపుట లేదు.

మా గదిలోని పిల్ల గత సంవత్సరము తన యూరికి పోయినది. ఆమెకు ఉద్యోగము రాలేదు, ఇంటివారు రమ్మనిరి. పోవునాడు ఆమె గోడమీది యేడుగురి పటమును తీసికొనిపోలేదు. "అక్కా, వాళ్లు కూడ పని ఆపి మిలిటరీకి పోయి వచ్చినారు గద. నేను కూడ మళ్ల వస్త," అనెను. నిజమే, తమ దేశపు నియమము ననుసరించి ఆ యేడుగురును పాట మాని దేశసేవకు పోయిరి. 2022 డిసెంబరులో మొదటివాడు పోయెను. 2025 జూన్‌లో కడపటివాని సేవ ముగిసెను. ఆ పిల్ల తిరిగి వచ్చునో రాదో నాకు తెలియదు. ఆమె మంచముమీద ఇప్పుడు వేఱొక పిల్ల యున్నది. ఆమెకు కొరియా కథలు పడవు. జపాను బొమ్మల కథలు ఇష్టము. నేను చిన్నబుచ్చి నవ్వలేదు. ఆదివారము కొఱకు వేచియున్నాను.

మా యమ్మ జాడీ సంగతి చెప్పి సెలవు తీసికొందును. తొక్కు అయిపోయినది. ఖాళీ జాడీ పంపుట మర్యాద కాదు. ఏమి వేసి పంపవలెను? కొరియావారి నిలువపచ్చడియైన కిమ్‌చీని చేయదలచితిని. దానికి వలసిన పొడవాటి కోసుకూర మా చిక్కడపల్లి మార్కెట్టులో నాకు దొరకలేదు. మామూలు క్యాబేజితోనే చేసితిని. ఉప్పు, వెల్లుల్లి, అల్లము, మన మిరపపొడి. మిరపయు మనకు, వారికి గూడ అమెరికా ఖండమునుండి సముద్రముమీద వచ్చినదే. ఇప్పుడు అది లేనిదే ఇద్దఱకును ముద్ద దిగదు. రెండు దినములు హాస్టలు కిటికీలో పులియబెట్టి, మా యూరి బస్సులో పోవు చుట్టముచేత పంపితిని.

ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోను వచ్చినది. మొదటిమారు నేనే ముందుగా, "తిన్నవా అమ్మా?" అంటిని. "తిన్న బిడ్డా. నీ తొక్కుల ఉప్పు తక్కువైంది," అనెను. ఏమి తిన్నదో గూడ చెప్పెను. కనుక అది నిజమని నాకు తెలిసినది.